ఖాళీ చేత్తో అనలేని మాట

మా ఇంట్లో కుక్కను పిలవడానికి మూడు మాటలు ఉండేవి. అత్తమ్మ ‘రా’ అంటుంది. వీధిలో తమిళం పిల్లలతో ఆడి పెరిగే మా అబ్బాయి ‘వా’ అంటాడు. నేను కోలారు జిల్లాలో పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివినదాన్ని. తొందరలో నా నోటికి వచ్చేది ‘బా’. మూడింటికీ అర్థం ఒకటే, మూడూ ఒక్కక్షరం మాటలే. మణి మూడింటికీ చెవులు నిక్కించి ఒకసారి మా వైపు చూసేది. తర్వాత తన దారిన తాను పోయేది.

మణి తిరుత్తణి దగ్గర మా మామిడి తోపులో పెరిగింది. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, సన్నటి నడుము చూస్తే రాజపాళయం జాతి కలిసిందని తెలుస్తుంది. చెవులూ తోకా మాత్రం అచ్చం ఊరకుక్కవే. తోపులో తాత దగ్గర నాలుగేళ్లు ఉంది. మెడకు పట్టీ ఉండేది కానీ గొలుసు ఎరగదు. పోయిన ఏడాది తాత పోయాడు. అంత తోపులో అవ్వ ఒక్కతే ఎందుకని తిరువళ్ళూరులో మా ఇంటికి తీసుకొచ్చాం. అవ్వ సామానుతో పాటు మణీ వచ్చింది.

ఇక్కడి సంగతి వేరు. మా వీధి చివర రెండు ఖాళీ ప్లాట్లు, వాటి అవతల తుమ్మ పొదలు, పొదల అవతల రైలు పట్టాలు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు దక్షిణ భారతదేశంలో మొదటి రైలు నడిచింది ఈ దారిలోనే. ఇప్పుడు అరక్కోణం, తిరుత్తణి లోకల్ రైళ్లూ, బెంగళూరు వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లూ, గూడ్సులూ పగలూ రాత్రీ తేడా లేకుండా పోతుంటాయి. ఒక సాయంత్రం పార్శిల్ తెచ్చినతను గేటు వేయకుండా పోయాడు. మణి ఆ పొదల దాకా పోయింది. మేము ముగ్గురం మూడు భాషల్లో అరిచాం. అది వెనక్కి చూడలేదు. అరగంటకు దానంతట అదే వచ్చింది కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

ఆ రాత్రే గొలుసు కొందామని మా ఆయన అన్నారు. అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘కట్టేసిన కుక్కను చూస్తే మీ తాతకి అన్నం సయించేది కాదు నాయనా’ అనింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. కట్టేయకుండా దాన్ని బతికించుకోవాలంటే పిలిస్తే రావాలి. ఇంకో దారి లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒక ప్రోగ్రాం పని చేయడం లేదని ఎవరైనా చెప్తే మేము మొదట అడిగేది, ‘ఎక్కడ, ఏం చేస్తే, ఎన్నిసార్లలో ఎన్నిసార్లు?’ అని. ‘మొండి కుక్క’ అనే మాట నా చెవికి ‘కంప్యూటర్ పాడైపోయింది’ అన్నట్టే వినిపిస్తుంది. దాంతో బాగుచేయడానికి ఏమీ దొరకదు. అందుకని మా అబ్బాయి పాత నోటుపుస్తకంలో గళ్లు గీశాను. ఎవరు పిలిచారు, ఏ మాటతో, ఎక్కడ, అప్పుడు మణి ఏం చేస్తా ఉంది, వచ్చిందా లేదా. చివరి గడిలో, వచ్చాక ఏం జరిగింది. పది రోజులు ఇంట్లో ఎవరు పిలిచినా రాయాలని కట్టుబాటు పెట్టుకున్నాం.

పది రోజుల తర్వాత చూస్తే, హాల్లో దాదాపు ప్రతిసారీ వచ్చింది. మిద్దె మీద సగం సార్లు. గేటు బయట ఒక్కసారి. మా ఆఫీసుల్లో ఒక పాత జోకు ఉంది: ఏ తప్పు చూపించినా ప్రోగ్రాం రాసినవాడు ‘నా కంప్యూటర్లో బాగానే పని చేస్తా ఉంది కదా’ అంటాడు. మణి కూడా మా హాల్లో బాగానే పని చేస్తా ఉంది. కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్లంతా చెప్పే మొదటి సంగతి ఇదే. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతట అది అంటుకోదు. సోఫా ముందు నేర్చిన ‘రా’ వేరు, వేపచెట్టు కింద ‘రా’ వేరు. ప్రతి చోటా మళ్లీ నేర్పాలి.

ఎక్కువ చెప్పింది చివరి గడి. ‘రా’ అన్నాక జరిగినవి వరసగా చదివితే ఇట్ల ఉన్నాయి: స్నానం. గోమార్ల పొడి. చెవిలో మందు. లోపలికి లాగి తలుపు వేయడం. ‘యాడికి పోయినావు?’ అని తిట్లు. కుక్క వైపు నుంచి చూస్తే ‘రా’ అంటే ‘నీ ఆట అయిపోయింది’ అని అర్థం. రష్యాలో ఇవాన్ పావ్లోవ్, జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాయన, తిండికి ముందు ఒక శబ్దం పదే పదే వినిపిస్తే చివరికి ఆ శబ్దానికే కుక్క నోట్లో నీళ్లూరతాయని చూపించాడు. అది తిండికే కాదు, చన్నీళ్ల స్నానానికీ అంతే. మాట వెనకాల ఏది వస్తే మాటకి ఆ రుచే అంటుకుంటుంది. మన ఇళ్లల్లో కుక్క ఉన్న ప్రతి చోటా ‘రా’ ఇట్లనే చేదెక్కి ఉంటుందని నా అనుమానం.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. ‘రా’ అంటే రమ్మనడమే కాదు. ‘ఏరా’, ‘తినరా’, ‘లేవరా’, ‘చదవరా’ అని అత్తమ్మ మనవడితో రోజంతా అంటా ఉంటుంది. ఆఖరికి ‘పోరా’ అన్నా దాంట్లో ‘రా’ ఉంది. మనకు వ్యాకరణం తెలుసు కాబట్టి తేడా తెలుస్తుంది. కుక్కకు వినపడేది చప్పుడే. రోజుకు రెండు వందల సార్లు వినపడి, అందులో నూట తొంభై సార్లు తనకు సంబంధం లేని చప్పుడును ఏ ప్రాణి అయినా వదిలేస్తుంది. రైలు చప్పుడుకు మేము తల తిప్పనట్టే.

పేరు కూడా అంతే. తమిళనాడులో కుక్కకు మణి అని పేరు పెట్టడం ఎంత మామూలో ఇక్కడ ఉండేవాళ్లకి తెలుసు. వీధిలో నిలబడి ‘మణీ’ అని అరిస్తే ఇస్త్రీ బండి ఆయన తిరిగి చూస్తాడు, పక్కింటి పెద్దాయన తిరిగి చూస్తాడు, కుక్క చూడదు. పేరు అంటే ‘నా వైపు చూడు’ అని మాత్రమే. ‘నా దగ్గరికి రా’ అనడానికి వేరే మాట కావాలి. ఆ మాట ఇంట్లో అందరూ ఒకేలా అనాలి, ఇంక దేనికీ వాడకూడదు, దాని వెనకాల చెడు ఎప్పుడూ రాకూడదు.

ఏ మాట పెట్టాలని రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ. మా అబ్బాయి ‘కమ్’ అన్నాడు. మా ఆయన ఈల అన్నారు, కానీ అత్తమ్మకి ఈల వేయడం రాదు. అప్పుడు నేను అవ్వనే అడిగాను, తోపులో తాత ఏమని పిలిచేవాడని. అవ్వ నవ్వింది. ‘ఆయన ఏనాడూ రా అని పిల్చింది లేదమ్మా. పొద్దు గూకేటప్పుడు సంగటి ముద్ద చేత్తో పట్టుకోని గట్టు మీద నిలబడి ఇందా, ఇందా అనేవాడు. అది యాడున్నా వచ్చేది.’

నేను ఆ మాట విని చాలాసేపు ఆలోచించాను. ‘రా’ అనేది ఆజ్ఞ. ‘ఇందా’ అనేది ఇవ్వడం. మన భాషలో ఖాళీ చేత్తో ‘ఇందా’ అనడం కుదరదు. అన్నామంటే చెయ్యి చాచినట్టే, చేతిలో ఏదో ఉన్నట్టే. ‘ఇందా’ అని పిలిచి తిట్టడం ఎవరికీ రాదు, నోరు తిరగదు. మనం ‘మాట’ అనే ఒక్క పదాన్నే పలుకుకీ వాడతాం, ప్రమాణానికీ వాడతాం. మాట ఇచ్చాడు అంటాం, మాట తప్పాడు అంటాం. కుక్కను పిలవడంలో ఉన్న కిటుకంతా ఈ రెండు అర్థాలూ ఒకటిగా ఉంచడమే. పలికితే ఇచ్చినట్టు. తాతకి పావ్లోవ్ తెలియదు, సంగటి ముద్ద తెలుసు.

ఇంకో సౌకర్యం ఏమంటే, తమిళంలో కూడా ‘ఇందా’ అంటే ‘ఇదిగో తీసుకో’ అనే. మా అబ్బాయికి, వాడి స్నేహితులకి, పాలు పోసే ఆమెకి ఎవరికీ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కన్నడంలో నేను ‘తగో’ అనాలి. నా ‘తగో’ను, ‘బా’నూ నేను వదులుకున్నాను. ఇంట్లో మూడు భాషలు ఉండొచ్చు, కుక్కకు పిలుపు మాత్రం ఒకటే ఉండాలి.

కుక్కలకు భాషల తేడా తెలియదని కాదు. హంగేరీలోని బుడాపెస్ట్‌లో ఒక పరిశోధన జరిగింది. లారా క్వాయా అనే శాస్త్రవేత్త మెక్సికో నుంచి తన కుక్క కున్‌కున్‌తో సహా అక్కడికి వెళ్లింది. అంతదాకా ఇంట్లో స్పానిష్ విన్న కుక్క ఇప్పుడు చుట్టూ హంగేరియన్ వింటా ఉంది, దానికి తేడా తెలుస్తా ఉందా అని ఆమెకు సందేహం. 18 కుక్కలను స్కానర్‌లో కదలకుండా పడుకోవడానికి అలవాటు చేసి, రెండు భాషల్లో ఒక కథ వినిపించారు. తెలిసిన భాషకూ తెలియని భాషకూ వాటి మెదడు వేరువేరుగా స్పందించింది. వయసు ఎక్కువున్న కుక్కల్లో ఆ తేడా ఇంకా స్పష్టంగా కనబడింది. 2022లో అది ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. ఊరు మారిన మన కుటుంబాలకు ఈ సంగతి చెప్తే అందరికీ ముచ్చటగా ఉంటుంది. ఊరు మారినప్పుడు మనతో వచ్చే కుక్క కూడా కొత్త భాషలోకే వస్తుంది.

ఎట్ల పలకాలి అనేదానికీ లెక్క ఉంది. ప్యాట్రీషియా మెక్‌కానెల్ అనే అమెరికా పరిశోధకురాలు రకరకాల భాషలవాళ్లు కుక్కలకు, గుర్రాలకు ఇచ్చే పిలుపులను రికార్డు చేసి పోల్చింది. జంతువును కదిలించడానికి అందరూ చిన్న చిన్న చప్పుళ్లు వరసగా చేస్తారు. నెమ్మదింపచేయడానికి ఒక్క పొడుగు చప్పుడు చేస్తారు. మన వైపు మేకలు తోలేవాళ్ల నోట వినండి, ఇదే తెలుస్తుంది. అందుకని మేము ‘ఇందా’ను ఒక్కసారి సాగదీసి కాకుండా ‘ఇందా ఇందా ఇందా’ అని గబగబా, గొంతు పైకి ఎత్తి అనాలని నిర్ణయించాం. అన్నం వడ్డించేటప్పుడు అత్తమ్మ అనే ‘ఇందా’ ఒక్కటే, మెల్లగా ఉంటుంది. రెండిటికీ తేడా మణికి రెండు రోజుల్లో తెలిసిపోయింది.

ఇంక నేర్పిన విధానం. ఇట్లాంటి ఇంట్లో ఉండే ఎవరికైనా పనికొస్తుందని వరసగా రాస్తా ఉన్నాను.

మొదటి వారం మణి మా వైపు వస్తున్నప్పుడు మాత్రమే ఆ మాట అన్నాం. రాకుండా ఉన్నప్పుడు అనలేదు. అంటే మాటకు అర్థం కట్టబెట్టడమే, పరీక్ష పెట్టడం కాదు. అన్న మరుక్షణం నోట్లో తాయిలం పడాలి. డబ్బా మూత తీసేలోపల ఆలస్యమైతే కుక్క దేనికి ఇచ్చారో మర్చిపోతుంది. తాయిలం అంటే రోజూ గిన్నెలో పెట్టే అన్నం కాదు. ఉడకబెట్టిన కోడి కార్జం, ఉప్పు లేనిది, చింతగింజంత ముక్కలు. అది ఈ పిలుపుకు తప్ప ఇంక దేనికీ దొరకదు. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషం. గుడి నుంచి తెచ్చిన చక్కెర పొంగలి ప్రేమగా పెడతారు చూడండి, దాంట్లో ఎండుద్రాక్ష ఉంటుంది, పెట్టకండి. తీపి కోసం జైలిటాల్ కలిపిన చూయింగ్ గమ్ లాంటివి ఇంకా ప్రమాదం. ఉడికిన ఎముకలూ వద్దు.

రెండో వారం నుంచి ముక్క ఇచ్చే ముందు ఎడమ చేత్తో మెడపట్టీని ఒకసారి పట్టుకోవడం అలవాటు చేశాం. చాలా కుక్కలు దగ్గరికి వస్తాయి కానీ చెయ్యి చాచగానే పక్కకు తప్పుకుంటాయి. అక్కడిదాకా వచ్చి దొరకని కుక్క రానట్టే లెక్క. పట్టీ ముట్టుకుంటేనే కార్జం అని తెలిస్తే, మెడ అదే ముందుకు పెడుతుంది.

మూడో వారం తాడు. పది మీటర్ల నైలాన్ తాడు, ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టాలి. మెడపట్టీకి కడితే పరుగెత్తి ఆగినప్పుడు గొంతుకు దెబ్బ. కొబ్బరి తాడు బరువు, తడిస్తే ఇంకా బరువు. తాడును చేతికి చుట్టుకోకూడదు, వేళ్లు తెగుతాయి. నేలమీద ఈడ్చుకుంటా పోనివ్వాలి, అవసరమైతే కాలితో తొక్కాలి. తాడు ఉన్నది లాగడానికి కాదు. పిలిచినప్పుడు రాకుండా దూరంగా పోయి ఎలుకను పట్టుకునే అవకాశం లేకుండా చేయడానికి. పిలుపును కాదని పోయిన చోట సుఖం దొరికితే మన కార్జం ఓడిపోయినట్టే.

ఇక్కడ టెస్టర్ బుద్ధి పనికొచ్చింది. మేము ఒకేసారి రెండు మార్చం. దూరం పెంచితే చోటు మార్చకూడదు, చోటు మారిస్తే దూరం తగ్గించాలి. హాలు, మిద్దె, కాంపౌండు, మనుషులు లేని వేళ సందు, మనుషులున్న వేళ సందు, అట్లా ఒక్కో మెట్టు. ఒక మెట్టు మీద పదికి తొమ్మిదిసార్లు వస్తేనే పై మెట్టు. ఆరుసార్లే వస్తే కిందికి దిగాలి. తిరుత్తణి కొండకు 365 మెట్లు అంటారు కదా, మా అబ్బాయి నోటుపుస్తకంలో అన్ని గళ్లు గీశాడు. మేము అన్ని ఎక్కలేదు కానీ వాడి పుణ్యాన లెక్క మాత్రం తప్పలేదు.

ఇంట్లో అందరికీ కష్టమైన నియమం ఇంకొకటి ఉంది: ఒక్కసారే పిలవాలి. ‘రా రా రా మణీ రా’ అని ఆరుసార్లు అంటే, మొదటి అయిదూ లెక్కలోకి రావని కుక్క నేర్చుకుంటుంది. వస్తుందని నమ్మకం లేనప్పుడు అసలు పిలవకూడదు. నడుచుకుంటా పోయి, ఏమీ మాట్లాడకుండా పట్టుకుని రావాలి. అప్పుడు మాటకు మచ్చ పడదు. పిలిచినప్పుడు దాని వైపు పరుగెత్తకూడదు, అటు తిరిగి మనం పరుగెత్తాలి. కుక్కకు వెంటబడటం ఇష్టం. అత్తమ్మ అరవై రెండేళ్ల వయసులో కాంపౌండులో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తడం చూసి పక్కింటివాళ్లు గోడ దగ్గర నిలబడి నవ్వారు.

అన్నిటికన్నా పెద్దది చివర్లో చెప్తా ఉన్నాను. వచ్చినప్పుడల్లా మళ్లీ వదిలేయాలి. పది పిలుపుల్లో తొమ్మిదిసార్లు కార్జం ఇచ్చి, ‘పో, ఆడుకో’ అని పంపాం. డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పేరుతో ఒక సూత్రం ఉంది: ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమానంగా ఇవ్వొచ్చు. ‘చిక్కుడుకాయ కూర తింటే ఆడుకోవడానికి పంపిస్తా’ అని ప్రతి అమ్మా చెప్పేదే. పిలుపుకు వస్తే స్వేచ్ఛ పోదు, ఇంకా పెరుగుతుంది అని కుక్కకు తెలిసిన రోజు సగం పని అయిపోతుంది. స్నానానికి, మందుకు మాత్రం మేమే దాని దగ్గరికి పోతాం. ‘ఇందా’ అనం.

మణి తెలుపు గురించి ఒక మాట. రాజపాళయం అనేది విరుదునగర్ జిల్లాలో ఊరు. అక్కడ రాజులు ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మనలాగే ఎప్పుడో ఇటు వచ్చి నిలబడిపోయినవాళ్లు. ఆ ఊరి పేరుతో ఉన్న ఈ వేటకుక్క బొమ్మతో 2005 జనవరి 9న తపాలా శాఖ స్టాంపు వేసింది. అదే వరసలో నేను పుట్టిన కర్ణాటక నుంచి ముధోళ్ వేటకుక్క కూడా ఉంది. ఈ జాతులు ముక్కుతో కాకుండా కంటితో వేటాడతాయి. కదిలేది కనబడి, తల ఎత్తి, ఒళ్లు బిగిసిన క్షణంలోనే పిలవాలి. పరుగు అందుకున్నాక పిలిచి లాభం తక్కువ. తెల్ల ఒళ్లున్న కుక్కల్లో పుట్టుచెవుడు కనబడటం కూడా తెలిసిన సంగతే, రాజపాళయం జాతిలోనూ ఉంది. పిలిస్తే రాలేదని కొట్టే ముందు వినపడుతుందా అని డాక్టరుకు చూపించాలి. మణికి బాగా వినపడుతుంది. అయినా మాటతో పాటు కుడి చెయ్యి నిలువుగా ఎత్తడం అలవాటు చేశాం. గాలి ఎదురుగా ఉన్నప్పుడు, రైలు పోయేటప్పుడు చెయ్యే దిక్కు.

నాలుగో నెలలో తోపుకు తీసుకుపోయాం. అవ్వ కూడా వచ్చింది. లోకల్ రైల్లో కుక్కతో కుదరదని కారు మాట్లాడుకున్నాం. దారిలో అవ్వ పాత సంగతులు చెప్తా వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాలోంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినప్పుడు అవ్వకి పదిహేనేళ్లు. ‘మేము యాడికీ రాలేదమ్మా. మేమున్న చోటే ఉంటిమి, రాష్ట్రం మారింది’ అంటుంది. బయట రాష్ట్రం తెలుగువాళ్లు అని మనల్ని ఎవరైనా అంటే అవ్వకు కోపం. మా ఇల్లు ఇల్లే, బయట అనేది వాళ్ల లెక్క అంటుంది. తాత మణిని పిలిచిన మాట అటూ ఇటూ రెండు భాషల్లోనూ ఒకటే అని నేను చెప్తే, ‘ఇచ్చేదానికి అరవమేంది, తెలుగేంది?’ అనింది.

తోపులో తాడు వేసే ఉంచాను. మణికి అది పుట్టిల్లు. వాసనలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టు గట్టు గట్టుకూ తిరిగింది. మోటారు షెడ్డు దగ్గర తాత మంచం ఉన్న చోట చాలాసేపు నేల వాసన చూసింది. మేమెవరం పిలవలేదు. తర్వాత కాలువ అవతల ఎండిన మడిలో నెమళ్లు కనబడ్డాయి. తల ఎత్తింది, ఒళ్లు బిగిసింది. నేను నోరు తెరిచేలోపల వెనక నుంచి అవ్వ గొంతు వినపడింది, ‘ఇందా ఇందా ఇందా’ అని. మణి గిర్రున తిరిగి అవ్వ కాళ్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. అవ్వ చేతిలో కార్జం లేదు. ఇంటి నుంచి అరిటాకులో కట్టుకొచ్చిన సంగటి ముద్ద ఉంది. మాకెవరికీ చెప్పలేదు. అది పెట్టి, తల నిమిరి, ‘పో, పోయి ఆడుకో’ అని నెమళ్లు లేని వైపు పంపింది.

నెమలిని తరమడం చిన్న విషయం కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో నెమలి మొదటి షెడ్యూల్లో ఉంది. కుక్క దాన్ని చంపితే అడవి శాఖవాళ్లకు జవాబు చెప్పాల్సింది మనమే. మేకలు, కోత అయిన మడుల్లో దింపే బాతుల మందలు కూడా అంతే, అవి ఒకరి బతుకుతెరువు. ఆడికృత్తికకు కావళ్లు వచ్చే రోజుల్లో తిరుత్తణి చుట్టుపక్కల మణిని వదిలేది లేదు. మనుషులు ఎదురైతే మేము ముందే పిలిచి గొలుసు తగిలిస్తాం. మన కుక్క ఎంత మంచిదైనా, ఎదురుగా వచ్చే పిల్లకు ఆ సంగతి తెలియదు. రేబీస్ టీకా ఏటా తప్పకుండా వేయిస్తాం. ఇవన్నీ చేసేవాళ్లకే కుక్కను వదిలే హక్కు ఉందని నేను అనుకుంటాను.

ఒక ప్రోగ్రాం విడుదల చేసేటప్పుడు ఇంకా ఏమేమి సరిగ్గా పని చేయడం లేదో రాసి ఇవ్వడం మా వృత్తి ధర్మం. మణి విషయంలో ఆ జాబితా ఇది. ముంగిస కనబడితే పదిలో నాలుగుసార్లు రాదు. తెలియని కుక్కలు గుంపుగా ఉంటే రాదు. టపాకాయల చప్పుడుకు దానికి ఏ మాటా చెవికెక్కదు, దీపావళి వారం ఇంట్లోంచి తాడు లేకుండా బయటికి పోదు. మా ఆయన పిలిస్తే వస్తుంది కానీ కొంచెం ఆలోచించి వస్తుంది, ఎందుకంటే ఆయన జేబులో కార్జం పెట్టుకోవడానికి ఇష్టపడరు.

తిరువళ్ళూరులో పట్టాల వైపు ఉన్న వీధిలో గొలుసు ఎప్పుడూ ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు వచ్చే పిలుపును నేను రైలు మీద పందెం కాయను. ఈ మాట అవ్వకు చెప్పడానికి భయపడ్డాను. ఆమె తోపును తలచుకుంటా కాసేపు ఊరుకుని, ‘ఆయన ఉన్నా ఇక్కడ అదే చేసేవాడు’ అనింది. ప్రతి ఆదివారం తోపులో మాత్రం మణికి తాడు కూడా తీసేస్తాం. సాయంత్రం అయిదున్నరకు అవ్వ గట్టు మీద నిలబడుతుంది. రేపటికి సంగటి కోసం రాగిపిండి జల్లించి పెట్టమని ఇప్పుడే వంటింట్లోంచి కేక వేసింది.